పాఠం అప్పజెప్పించుకునే మనిషి కావాలి: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, విద్యా విభాగాల బాధ్యులకు, ముఖ్యంగా ఉత్తర టెక్సాస్‌లో ఈ పనులు చూస్తున్న పెద్దలకు,

నమస్కారం.

నేను డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు ఊరిలో ఉంటున్న తల్లిని. మా అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి; తొమ్మిదో తరగతి మొదలుకొని ఇంట్లోనే చదువుకుంటోంది. గణితం, సైన్సు, చరిత్ర, ఇంగ్లిషు అన్నీ చాలావరకు సెల్ఫ్ పేస్డ్ ఆన్‌లైన్ కోర్సుల ద్వారానే సాగుతున్నాయి. అంటే గంట కొట్టగానే మొదలై గంట కొట్టగానే ముగిసే తరగతి కాకుండా, ఒక పాఠం పట్టుబడిన తరువాత ఇంకో పాఠానికి తన వేగంతో తాను సాగిపోయే పద్ధతి. ఈ మూడేళ్లలో గ్రంథాలయంలోనో, గుడి మెట్ల మీదనో, ఆదివారం తెలుగు తరగతి ముగిసేవరకూ పిల్లల కోసం ఎదురుచూసే వరండాలోనో ఇదే దారిలో ఉన్న తెలుగు కుటుంబాలు నాకు పరిచయమయ్యాయి. ఎవరి కారణాలు వారివి, ఎవరి కోర్సులు వారివి. కానీ ఇబ్బంది ఎక్కడని అడిగితే అందరూ ఒకే చోటు చూపిస్తారు. పాఠం చెప్పే తెర మా ఇళ్లలో ఉంది. ఆ పాఠాన్ని పిల్లల చేత అప్పజెప్పించుకునే మనిషి లేడు. అటువంటి మనుషులు మీ సంఘాలలో వందల సంఖ్యలో ఉన్నారు కనుకనే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

హోమ్‌స్కూలింగ్ అనగానే అది మతవిశ్వాసాల కోసం కొన్ని అమెరికన్ కుటుంబాలు ఎంచుకునే మార్గమని మనవారిలో చాలామంది అనుకుంటారు. మన ఇళ్లలోకి అది వచ్చిన దారి వేరు. ప్రాజెక్టు ముగిసిందని విద్యాసంవత్సరం మధ్యలో షార్లెట్ నుంచి డాలస్‌కు, డాలస్ నుంచి ఎడిసన్‌కు సామాను సర్దుకునే ఇంట్లో పదో తరగతి పిల్లవాడు ఒకే ఏడాదిలో రెండు బడులు మారితే, జామెట్రీ ఒకచోట సగంలో ఆగిపోతుంది, ఇంకోచోట అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆన్‌లైన్ కోర్సు మాత్రం ఏ రాష్ట్రానికి వెళ్లినా ఆగినచోటనే వేచి ఉంటుంది. దీర్ఘకాలం మందులు వాడవలసిన పిల్లలున్న ఇళ్లు కొన్ని. గణితంలో రెండేళ్లు ముందుండి ఇంగ్లిషు రచనలో ఏడాది వెనుక ఉన్న పిల్లవాడిని ఒకే తరగతి గదిలో కూర్చోబెట్టలేక బయటకు తీసుకొచ్చిన ఇళ్లు మరికొన్ని. మా అమ్మాయి విషయంలో కారణం ఆరోగ్యం. అంతకంటే వివరం ఇక్కడ అవసరం లేదు.

చట్టం విషయంలో టెక్సాస్ కుటుంబాలకు చిక్కు తక్కువ. 1994లో లీపర్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇంటి బడి కూడా ప్రైవేటు పాఠశాలగానే లెక్క. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, గణితం, పౌరధర్మం ఉన్న పాఠ్యప్రణాళికతో నిజాయితీగా బోధించాలి. అంతకుమించి నమోదు గానీ, రాష్ట్రం పెట్టే పరీక్ష గానీ లేదు. అదే కుటుంబం న్యూయార్క్‌కు మారితే ఏడాది ప్రణాళికను ముందుగా అక్కడి ప్రభుత్వ పాఠశాలల జిల్లాకు సమర్పించి, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో అయితే పిల్లవాడి పనిని ఒక ఫైలుగా కూర్చి ఏటా అర్హత గల పరిశీలకునికి చూపించాలి. రాష్ట్రాలు మారే మనవాళ్లు ఈ తేడాను ముందే తెలుసుకోవడం మంచిది. కానీ చట్టం అనుమతించినంత మాత్రాన చదువు జరిగినట్టు కాదు కదా, అందుచేత అసలు విషయానికి వస్తాను.

ఈ తరగతులు ఎలా నడుస్తాయో కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే బయటినుంచి చూసేవారికి అవన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి. ఖాన్ అకాడమీ వంటి ఉచిత వేదిక ఉంది. 2008లో మొదలైన ఆ సంస్థ చిన్న చిన్న వీడియోలు, అభ్యాసాలు ఇచ్చి, ఒక్కొక్క నైపుణ్యంలో పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో గుర్తు పెడుతుంది. అది చదువు చెబుతుంది కానీ హైస్కూలు క్రెడిట్ (కోర్సు పూర్తిచేసినందుకు వచ్చే లెక్క) ఇవ్వదు, మార్కుల పత్రం ఇవ్వదు. దానిని ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే హైస్కూలు కోర్సులూ గ్రేడులూ చూపే పత్రంలో, ఒక కోర్సుగా చూపించి గ్రేడు వేయవలసింది తల్లిదండ్రులే. రెండో రకం రుసుము చెల్లించి చేరే కోర్సులు. ఏ నెలలో ఏ రోజునైనా చేరవచ్చు. వీడియో, దాని వెంట చదవవలసిన భాగం, కంప్యూటరే దిద్దే క్విజ్, అధ్యాయం చివర పరీక్ష, పూర్తిచేయడానికి ఆరు నెలలో ఏడాదో గడువు, గడువు దాటితే పొడిగింపు రుసుము. వీటిలో ఉపాధ్యాయుడనే పేరు ఉంటుంది, కానీ ఆయన సందేహానికి ఈమెయిలులో బదులిచ్చే వ్యక్తి మాత్రమే. మూడో రకంలో వేగం పిల్లవాడిదే అయినా అవతలి చివర అర్హత గల ఉపాధ్యాయుడు నిజంగా ఉంటాడు. ఆయన వ్యాసాలు దిద్దుతాడు, ఫోను చేస్తాడు, చివరి పరీక్ష పర్యవేక్షకుని ఎదుట రాయిస్తాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే స్కౌట్ కోర్సులలో ఒకే పాఠ్యాంశాన్ని ఉపాధ్యాయునితోనూ, ఉపాధ్యాయుడు లేకుండానూ తీసుకునే వీలుండటం చూస్తే, తేడా పాఠంలో లేదని, పాఠం చుట్టూ ఉన్న మనుషులలో ఉందని అర్థమవుతుంది.

ఆ తేడాను మేము ఆలస్యంగా తెలుసుకున్నాము. తొమ్మిదో తరగతిలో మా అమ్మాయిని రెండో రకపు జీవశాస్త్రం కోర్సులో చేర్చాము. సెప్టెంబరులో ఉత్సాహం ఉరకలు వేసింది. రెండు వారాలలో మూడు అధ్యాయాలు అయిపోయాయి. అక్టోబరులో గణితం కష్టమై జీవశాస్త్రం వెనక్కి వెళ్లింది. నవంబరులో దీపావళి, అతిథులు. డిసెంబరు సెలవులు. కోర్సు పేజీలో ఎంతవరకు వచ్చామో చూపే పచ్చగీత కదలడం లేదని నేను గమనించేసరికి ఫిబ్రవరి వచ్చింది, నలభైకి పైగా పాఠాలు మిగిలి ఉన్నాయి. అప్పటినుంచి వీడియోలు రెట్టింపు వేగంతో చూడటం, క్విజ్ తప్పితే వెంటనే మళ్లీ రాయడం మొదలైంది. ఆ కోర్సులో క్విజ్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, ప్రశ్నలు పెద్దగా మారవు, నాలుగు జవాబులలో మూడు తప్పని తేలితే నాలుగోది ఒప్పు. మే నెలాఖరుకు కోర్సు పూర్తయింది. 96 శాతం వచ్చింది. నేను సంతోషంగా ఆ మార్కును ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎక్కించాను.

జూన్‌లో మా నాన్నగారు వచ్చారు. ఆయన గుంటూరు జిల్లాలో జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. ఒక సాయంత్రం మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని, కాగితం ఇచ్చి, గుండె బొమ్మ వేసి రక్తం ఏ గది నుంచి ఏ గదికి పోతుందో బాణాలు గీయమన్నారు. ఆ పిల్ల నాలుగు గదులు గీసింది, పేర్లు రాసింది, ఊపిరితిత్తుల దగ్గర ఆగిపోయింది. ఊపిరితిత్తులకు పోయే రక్తనాళం ధమని అయినప్పటికీ అందులో చెడు రక్తం ఎందుకుంటుందని తాతయ్య అడిగితే, ఆ ప్రశ్నకు క్విజ్‌లో సరైన జవాబు గుర్తించానని చెప్పింది కానీ ఎందుకో చెప్పలేకపోయింది. ఆమెకు ఏడుపు వచ్చింది. తప్పు ఆమెది కాదని నాకు తెలుసు. ఒక ఏడాది పొడుగునా ఆమెను ఎవరూ నోరు తెరిచి చెప్పమని అడగలేదు. తెర అడిగింది గుర్తించమని మాత్రమే.

ఆ వేసవిలో మా నాన్నగారు కొత్త పాఠమేమీ చెప్పలేదు. బుధవారం, శనివారం సాయంత్రాలు ఆమె చదివిన భాగం అప్పజెప్పించుకున్నారు. తప్పు చెబితే దిద్దేవారు కారు, "మళ్లీ చదువుకొని రా తల్లీ" అని పంపేవారు. సగం తెలుగు, సగం ఇంగ్లిషు. మూడు వారాలు గడిచేసరికి చదువు తనంతట తానే కదలడం మొదలైంది, ఎందుకంటే బుధవారం నాటికి తాతయ్యకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. వేగం ఆమెదే. ఎక్కువ చదివిన వారం ఎక్కువ చెప్పేది, ఒంట్లో బాగుండని వారం ఒక్క పేజీ చెప్పేది. కానీ ఏ వారమూ ఖాళీగా పోలేదు. ఆ ఏడాది జీవశాస్త్రం గ్రేడును నేను ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి తీసివేసి, అప్పజెప్పడం పూర్తయ్యాక వేరే గ్రేడు వేశాను. అది 96 కాదు, 88. ఆ 88ని ఎవరు అడిగినా నేను సమర్థించుకోగలను.

ఇది మా ఇంటి అనుభవం మాత్రమే అనుకుంటే ఈ లేఖ రాసేదానిని కాను. ఎవరి వేగంతో వారు నేర్చుకోవడమనే పద్ధతికి ఆధునిక కాలంలో ఒక స్పష్టమైన రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు ఫ్రెడ్ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1964లో బ్రెజిల్ రాజధాని బ్రసీలియాలోని విశ్వవిద్యాలయంలో తన సహచరులతో కలిసి ఆయన ఈ పద్ధతిని ఆచరణలో పెట్టారు, తరువాత అరిజోనాలో కొనసాగించారు, 1968లో దాని గురించి విస్తృతంగా చర్చకు వచ్చిన వ్యాసం ప్రచురించారు. పాఠాన్ని చిన్న భాగాలుగా విడగొట్టడం, ఒక భాగంలో పూర్తి పట్టు వస్తే గాని తరువాతి భాగం ఇవ్వకపోవడం, ఉపన్యాసం కంటే రాతమూలకమైన పాఠానికి ప్రాధాన్యం ఇవ్వడం, ఎవరి వేగం వారిదే కావడం: నేటి ఆన్‌లైన్ కోర్సులు ఈ నాలుగింటినీ తీసుకున్నాయి. ఐదోదాన్ని చాలా కోర్సులు వదిలేశాయి. అది ప్రాక్టర్. అదే పాఠాన్ని ముందుగా నేర్చుకున్న ఒక పెద్ద విద్యార్థి ప్రతి అభ్యాసికి పక్కన కూర్చొని, పరీక్ష దిద్ది, తప్పు ఎందుకు వచ్చిందో మాట్లాడి, దాటవచ్చో లేదో చెప్పేవాడు. కెల్లర్ దృష్టిలో ఆ మనిషి అలంకారం కాదు, పద్ధతికి ఆయువుపట్టు. ఆ పద్ధతిని అనుసరించిన అధ్యాపకులకు ఆనాడే ఎదురైన పెద్ద సమస్య ఏమిటంటే, వాయిదా వేయడం. వేగం తమ చేతిలో ఉన్న విద్యార్థులలో కొందరు అసలు కదలకపోవడం చూసి, గడువులు, ప్రోత్సాహకాలు జోడించవలసి వచ్చింది. అరవై ఏళ్ల కింద తెలిసిన సంగతిని మేము మా ఇంట్లో ఫిబ్రవరి నెలలో మళ్లీ కనుగొన్నాము.

పెద్దవాళ్ల విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. హార్వర్డ్, ఎంఐటీ ఆన్‌లైన్ కోర్సులలో చేరినవారి మీద జరిపిన ఒక పరిశీలన 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తిచేసినవారు సుమారు 3 శాతం మాత్రమే. అవి ఉచిత కోర్సులు, ఊరికే తొంగిచూసేందుకు చేరినవారూ అందులో ఉన్నారు కనుక ఆ అంకెను మన పిల్లలకు నేరుగా అన్వయించడం తగదు. అయినా పాఠం ఎంత బాగున్నా అదొక్కటే మనిషిని చివరిదాకా నడిపించలేదన్నది దానినుంచి తెలుస్తూనే ఉంది.

దీనికి ఎదురుగా, వేగం విద్యార్థికి వదిలేసి మనిషిని మాత్రం వదలని ఏర్పాటు కూడా ఈ దేశంలోనే ఉంది. 1997లో మొదలైన ఫ్లోరిడా వర్చువల్ స్కూల్‌లో ఆ రాష్ట్రపు హోమ్‌స్కూల్ పిల్లలు ఉచితంగా ఒక్కొక్క కోర్సు తీసుకోవచ్చు, ఏడాదిలో ఎప్పుడైనా చేరవచ్చు, తమ వేగంతో సాగవచ్చు. కానీ అధ్యాయం ముగిశాక ఉపాధ్యాయునితో ఫోనులో మాట్లాడి, నేర్చుకున్నది నోటితో చెప్పవలసి ఉంటుంది. ఆ సంభాషణకూ గ్రేడు ఉంటుంది. మనం చిన్నప్పుడు చేతులు కట్టుకొని నిలబడి పాఠం అప్పజెప్పిన పద్ధతికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. అందులోని భయాన్ని తీసేసి, మంచిని ఉంచుకున్నారు. కళాశాలల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ సైతం డివిజన్ 1 క్రీడాకారులకు కావలసిన 16 ముఖ్య కోర్సులలో ఆన్‌లైన్ కోర్సును లెక్కలోకి తీసుకునేటప్పుడు, అందులో ఉపాధ్యాయునికీ విద్యార్థికీ మధ్య బోధన, సంప్రదింపులు ఉన్నాయా అని చూస్తుంది. టెన్నిస్, ఈత వంటి క్రీడల మీద ఆశ పెట్టుకున్న మన పిల్లల తల్లిదండ్రులు తొమ్మిదో తరగతిలోనే ఈ సంగతి గమనించాలి. పన్నెండో తరగతిలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

కళాశాల దరఖాస్తుల సమయంలో ఈ లోటు మరింత బాధిస్తుంది. చాలా కళాశాలలకు ఒకే దరఖాస్తు పంపే కామన్ అప్లికేషన్‌లో, బడి తరఫున విద్యార్థి గురించి రాసే కౌన్సెలర్ పాత్రను హోమ్‌స్కూల్ పిల్లలకు సాధారణంగా తల్లో తండ్రో పోషిస్తారు. ట్రాన్స్‌క్రిప్ట్ మనమే తయారుచేస్తాము, బడి పరిచయ పత్రం మనమే రాస్తాము. ఒక ఏడాది కోర్సుకు దాదాపు 120 గంటలు ఒక క్రెడిట్ అనే పాత లెక్క ఇప్పటికీ చాలామందికి కొలబద్ద. ఇవన్నీ ఓపికగా చేయగలిగినవే. కానీ పిల్లవాడిని చదివించిన ఉపాధ్యాయుని సిఫారసు లేఖ కావాలన్నప్పుడు తల్లి రాసినది చెల్లదు. సెల్ఫ్ పేస్డ్ కోర్సు నాలుగేళ్లు చేసిన పిల్లవాడికి తనను పేరుపెట్టి గుర్తుపట్టే ఉపాధ్యాయుడు ఒక్కడూ లేకపోవచ్చు. కొందరు ఇందుకోసమే కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ కోర్సు (హైస్కూలుకూ కళాశాలకూ రెండింటికీ లెక్కకు వచ్చేది) తీసుకుంటున్నారు. అది మంచి మార్గమే కానీ, సెమిస్టరు గడువులకు లోబడేది కనుక ఎవరికోసం సెల్ఫ్ పేస్డ్ ఎంచుకున్నామో ఆ ఆరోగ్యం బాగులేని పిల్లలకు అన్నిసార్లూ సాధ్యం కాదు.

మన ఊళ్లలో ఒకప్పటి వీధిబడి నాకు గుర్తుకు వస్తుంది. నేను అందులో చదవలేదు, మా తాతగారు చదివారు. ఒకే అరుగు మీద ఒక పిల్లవాడు ఓనమాలు ఇసుకలో దిద్దుతుంటే, ఒకడు గుణింతం, ఒకడు ఎక్కాలు, ఒకడు పద్యం. తరగతి అనే మాట లేదు. వచ్చిన పాఠం అప్పజెప్పినవాడికి తరువాతి పాఠం, రానివాడికి అదే పాఠం. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత వల్లె వేయించేవారు. బెత్తం కూడా ఉండేది, దానిని నేను వెనకేసుకు రాను. కానీ ఎవరి వేగం వారిదిగా ఉంటూనే ఎవరూ ఒంటరిగా లేని చదువు మనకు కొత్తది కాదు. ఇప్పుడు ఇసుక బదులు తెర వచ్చింది, అరుగు పోయింది. ఆ అరుగును మీరు తిరిగి ఇవ్వగలరని నా నమ్మకం.

నేను అడుగుతున్నది ఇది. శనివారం ఉదయం రెండు మూడు గంటల పాటు, ఏదైనా కమ్యూనిటీ హాలులోనో, మీరు తెలుగు తరగతులకు వాడుతున్న గదులలోనో, హోమ్‌స్కూల్ హైస్కూలు పిల్లలకు ఒక బల్ల, ఆ బల్ల దగ్గర ఒక పెద్దమనిషి. ఆయన పాఠం చెప్పనక్కరలేదు. పాఠం ఇప్పటికే ఉంది. ఈ వారం ఏమి చదివావు, నాకు చెప్పు, ఈ బొమ్మ వేసి చూపించు, ఈ లెక్కలో ఈ మెట్టు ఎందుకు తీసుకున్నావు అని అడిగితే చాలు. మీ సభ్యులలో ఔషధ పరిశోధనశాలలలో పనిచేసే రసాయనశాస్త్రవేత్తలు ఉన్నారు, వైద్యులు ఉన్నారు, రోజంతా కోడు రాసేవారు ఉన్నారు. అంతకంటే ముఖ్యంగా, పిల్లల దగ్గర స్థిరపడి, పగలంతా ఇంట్లో ఒంటరిగా గడుపుతున్న విశ్రాంత అధ్యాపకులు ఉన్నారు. వరంగల్, గుంటూరు, కాకినాడ కళాశాలల్లో ముప్ఫై ఏళ్లు వేల మందికి చెప్పిన నోళ్లు ఇక్కడ మౌనంగా ఉన్నాయి. వారికి ఒక బల్ల, ఎదురుగా ఒక పిల్లవాడు దొరికితే ఇద్దరికీ మేలే. ఇంగ్లిషు ఉచ్చారణ గురించి వారు సంకోచించవచ్చు. మా నాన్నగారూ సంకోచించారు. మా అమ్మాయికి ఆ ఉచ్చారణ అడ్డం కాలేదు.

ఆ బల్ల ఒకటి ఉంటే దానికి మరికొన్ని పనులు అతుక్కుంటాయి. చివరి పరీక్షకు పర్యవేక్షకుడు కావాలని అడిగే కోర్సులు కొన్ని ఉన్నాయి. సొంత తల్లిదండ్రులు పనికిరారు. సంస్థ పేరు, బాధ్యత గల వ్యక్తి సంతకం ఉంటే చాలాచోట్ల అంగీకరిస్తారు. ప్రయోగశాల మరో కొరత. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనే సైన్సు ప్రయోగాల అనుకరణలు తెర మీద ఎంత చక్కగా ఉన్నా, బ్యూరెట్టు నుంచి చివరి బొట్టు పడి రంగు మారే క్షణం చేతికి తెలియాలి. నెలకు ఒక శనివారం, భద్రతా నియమాలు తెలిసిన ఇద్దరు రసాయనశాస్త్రవేత్తల సమక్షంలో, ఇంటికి తెప్పించుకునే కిట్లతోనే పది మంది కలిసి చేయగల ప్రయోగాలు చాలా ఉన్నాయి. ఒంటరిగా వంటగదిలో చేసేదానికంటే అది క్షేమం కూడా.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే, హైస్కూలు పిల్లలు రాసే కళాశాల స్థాయి పరీక్షల విషయంలో మీరు చేయగల సాయం ఇంకా తేలికైనది: సకాలంలో ఒక కబురు. పరీక్షలు మే నెలలో జరిగినా, వాటి నమోదు నవంబరు మధ్యకే ముగుస్తుంది. హోమ్‌స్కూల్ పిల్లవాడు తనకు పరీక్ష రాసే చోటు ఇవ్వడానికి ఒప్పుకునే బడిని వెతుక్కొని ముందుగానే చేరాలి. టెక్సాస్ చట్టం తమ జిల్లాలోని ఇంటి బడి పిల్లలను ఈ పరీక్షలకు అనుమతించమని ప్రభుత్వ పాఠశాలల జిల్లాలకు చెబుతున్నా, ఆ సంగతి తెలియక జనవరిలో ఫోన్లు చేసి నిరాశపడిన తల్లులను నేను చూశాను. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏపీ అనే పేరు పెట్టాలంటే తల్లిదండ్రులు తమ సిలబస్‌ను ఆ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డుకు సమర్పించి ఆమోదం పొందాలన్నది కూడా చాలామందికి తెలియదు. సెప్టెంబరులో మీ సంఘం పంపే ఒక్క సందేశం ఎన్నో ఇళ్లకు ఏడాదిని కాపాడుతుంది.

తెలుగు మాట కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది మన పిల్లలకు చేతిలో ఉన్న క్రెడిట్. కళాశాలలు రెండో భాషను రెండు మూడేళ్లు చదివి ఉండాలని కోరుతాయి. దానికోసం మన పిల్లలు ఆన్‌లైన్‌లో స్పానిష్ మొదటినుంచి మొదలుపెడుతున్నారు. అది తప్పని అనను. కానీ పిల్లలకు తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడికి వాస్క్ అనే, బడులకు గుర్తింపు ఇచ్చే సంస్థ గుర్తింపు ఉంది, భాషా నైపుణ్యాన్ని కొలిచే స్టాంప్ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. ఇంట్లో నాయనమ్మతో మాట్లాడే భాషను ట్రాన్స్‌క్రిప్ట్‌లో రుజువుతో సహా ఎలా చూపించాలో మీ విద్యా విభాగం ఒక పుట రాసి ఇస్తే, అది బడికి వెళ్లే పిల్లలకు కూడా పనికొస్తుంది.

మీకు రాగల సందేహాలు నేను ఊహించగలను. పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సేవకుల నేపథ్య పరిశీలన, ప్రతి గదిలో కనీసం ఇద్దరు పెద్దలు ఉండటం, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తప్పనిసరి. వీటిలో రాజీ పడమని నేను అడగను, పడవద్దనే అడుగుతాను. ఇంత తక్కువ మంది కోసం హాలు ఎందుకని ఎవరైనా అంటే, బల్లను అందరికీ తెరిచే ఉంచండి. బడికి వెళ్తూ వేసవిలో ఒక క్రెడిట్ ఆన్‌లైన్‌లో పూర్తిచేసుకుంటున్న పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు, వారికీ ఇదే అవసరం. వారం వారం నడపడం సాధ్యమా అన్న ప్రశ్నకు జవాబు మన ఊరిలోనే ఉంది. ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం వారు నెల నెలా తెలుగు వెన్నెల పేరుతో సాహిత్య సభను ఏళ్ల తరబడి నెల తప్పకుండా జరుపుతున్నారు. పద్యం వినడానికి అంత నిష్ఠగా కూర్చోగలిగినవాళ్లం, పిల్లలు చెప్పే పాఠం వినడానికీ కూర్చోగలము. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) వంటి జాతీయ సంఘాలకైతే 1977 నుంచి పని చేసిన అనుభవం, నగర నగరానా మనుషులు ఉన్నారు. ఒక ఊరిలో కుదిరిన ఏర్పాటును ఇంకో ఊరికి తీసుకువెళ్లడం వారికి తెలిసిన పనే. ఊరు మారిన కుటుంబానికి కొత్త ఊరిలోనూ అదే బల్ల దొరికితే, కోర్సుతో పాటు మనిషి కూడా వెంట వచ్చినట్టే.

ఖర్చు గురించి కూడా స్పష్టంగా చెబుతాను. కోర్సుల రుసుము మేము కట్టుకుంటాము. కిట్లు మేము తెచ్చుకుంటాము. హాలు అద్దెలో మా వంతు ఇస్తాము. మాకు మేముగా సమకూర్చుకోలేనిది, మా ఇంటివారు కాని ఒక పెద్దమనిషి ప్రతి శనివారం మా పిల్లవాడి కోసం ఎదురుచూడటం ఒక్కటే. సిఫారసు లేఖ అడగవలసిన రోజు వచ్చినప్పుడు, రెండేళ్లు ఆ బల్ల దగ్గర విన్న మనిషి రాసే లేఖలో రాయడానికి నిజమైన విషయం ఉంటుంది.

విద్యాసంవత్సరం ఆగస్టులో మొదలవుతుంది. అంతకుముందు జరిగే మీ కార్యవర్గ సమావేశంలో ఈ విషయానికి పది నిమిషాలు కేటాయించవలసిందిగా కోరుతున్నాను. పిలిస్తే నేను, మరికొందరు తల్లిదండ్రులు వచ్చి మా పిల్లల కోర్సు పేజీలు, పాత క్విజ్‌లు, మా అమ్మాయి గీసిన గుండె బొమ్మలు, మొదటిదీ చివరిదీ రెండూ, మీ ముందు పెడతాము. జీవశాస్త్రం వినడానికి మా నాన్నగారు ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు. గణితానికి ఒక స్నేహితురాలు ఒప్పుకున్నారు. రసాయనశాస్త్రానికి, ఇంగ్లిషు వ్యాసాలకు ఇంకా ఎవరూ లేరు. ఆ ఇద్దరిని మీరు చూసిపెడితే, మొదటి శనివారం తొమ్మిది గంటలకు హాలు తలుపు తీసి బల్లలు వేసే పని నాది.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలైన ఒక తల్లి,
డాలస్ శివారు, టెక్సాస్